మాటలు బాగా వచ్చిన పిల్లాడి గురించి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేదు, పక్కన మీ అత్తగారి గొంతు వినిపించింది కనుక. నాలుగున్నరేళ్లకే ఇంత చక్కగా మాట్లాడేవాడిని ఒకసారి డాక్టరుకు చూపించమని బడివాళ్లు ఎందుకన్నారని నీ బాధ. ఉద్యోగమంతా ఒకటో తరగతి పిల్లల మధ్యే గడిపినదాన్ని. వాళ్లు అన్నది తేలిగ్గా తీసేయకు.

వాళ్ల అనుమానం ఆస్పర్జర్స్ గురించి అయ్యుంటుంది. ఆటిజం అనే ఎదుగుదల తేడాలో అదొక రకం, మాటలొచ్చినా నలుగురితో మసలడం కష్టమవుతుంది. ఆ లక్షణాలున్న పిల్లలకు మాటలు ఆలస్యం కావు. రెండేళ్లకు విడి మాటలు, మూడేళ్లకు చిన్న చిన్న వాక్యాలు అందరిలాగే వచ్చేస్తాయి. కొందరు పేపరు చదివినట్టు పెద్ద మాటలే వాడతారు. ఇంట్లో మురిసిపోతాం, అనుమానం రాదు. మన విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ముందు నిలబడి మీవాడు "1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరింది, పొడవు 91.3 మీటర్లు, 22 టార్పెడోలు" అని ఏకరువు పెడుతుంటే నాకూ ముచ్చటేసింది. అయితే ఎదురుగా ఉన్న పాప "నా బెలూన్ చూడు" అని రెండుసార్లు అంది. వీడు ఆగలేదు. ఆ పాప విసుగొచ్చి వెళ్లిపోయింది. వీడు అదీ గమనించలేదు, టార్పెడో గొట్టాల లెక్కలోకి దిగాడు. నువ్వు చూడవలసింది అక్కడ. వాడి మాటల్లో ఎదుటివాళ్లకు చోటుందా?

ఇంకొకటి. హార్బరులోకి ఓడ వస్తుంటే చిన్నపిల్లలు వేలు చూపించి "ఓడ!" అని వెంటనే అమ్మ ముఖంలోకి చూస్తారు, నువ్వూ చూశావా అన్నట్టు. ఏడాది, ఏడాదిన్నర వయసుకే పిల్లలకు అలవడే చూపు అది. మీవాడి పాత వీడియోలు తీసి, అది ఉందో లేదో వెతుకు.

"కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి" అంటే చొక్కా ఎత్తి చూసుకున్నాడని చెప్పి నవ్వావు. ఆ వయసులో ఎవరైనా చూసుకుంటారు, దాని గురించి బెంగ వద్దు. విడమరచి చెప్పాక కూడా ప్రతి మాటనూ ఉన్నదున్నట్టే తీసుకుంటూ, ఏళ్లు గడిచినా వేళాకోళం అందకపోతే అప్పుడు రాసుకో.

బడి ఆటో సిరిపురం మీదుగా కాక వేరే దారిలో వెళితే గంటసేపు ఏడుపన్నావు. మొండితనమని చెయ్యి చేసుకోకు. మొండిపిల్లాడు ఏడుస్తూనే ఓరకంట మనల్ని చూస్తుంటాడు, అడిగింది చేతిలో పెడితే ఊరుకుంటాడు. వీడికి ఆ ధ్యాసే ఉండదు. కుక్కరు కూతకు చెవులు మూసుకోవడం, మెడ దగ్గరి లేబులు గుచ్చుకుంటోందని చొక్కా విప్పేయడం, బొత్తాలకీ మెట్లకీ తడబడటం కూడా గమనించు. పెద్దవాళ్లతోనూ పసివాళ్లతోనూ కుదిరి, ఈడు పిల్లలతో కుదరకపోవడం మరీ ముఖ్యం. ఇందులో ఏ ఒక్కటో ఉంటే ఏమీ తేలదు. కొన్ని కలిసి, ఇంట్లోనూ బడిలోనూ పేరంటాల్లోనూ నెలల తరబడి కనిపించాలి. ఆడపిల్లలైతే పక్కవాళ్లను చూసి నవ్వులూ మాటలూ అనుకరిస్తారు, మనం "బుద్ధిమంతురాలు" అని ప్రోగ్రెస్ కార్డులో రాసి ఊరుకుంటాం.

ఒక నోటుపుస్తకం పెట్టు. "అల్లరి చేశాడు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. అంతకుముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఎంతసేపటికి తేరుకున్నాడు, ఇవి రాయి. ముందు మీ పిల్లల డాక్టరుకు చూపించి చెవుల పరీక్ష చేయించు. ఆ తర్వాత పిల్లల ఎదుగుదల నిపుణులో, పిల్లల మనస్తత్వ నిపుణులో చూడాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) పిల్లల విభాగంలో అడగవచ్చు. చినవాల్తేరు మానసిక ఆస్పత్రికి రాసిచ్చినా వెళ్లు, ఆ పేరుకు జంకేది మనవాళ్లే. రక్తపరీక్షలోనో స్కానింగులోనో బయటపడేది కాదిది. వాడిని ఆడించి, మాట్లాడించి, నిన్ను ప్రశ్నలడిగి తేలుస్తారు.

కాగితం మీద ఆస్పర్జర్స్ అని కాక ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అని ఉంటే బెంబేలెత్తకు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వర్గీకరణలో ఆస్పర్జర్స్‌ను ఈ పేరు కిందికే చేర్చేసింది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోనూ ఆ పేరే ఉంది. మాటలొచ్చినవాడికి స్పీచ్ థెరపీ ఎందుకని వాదించకు, సంభాషణ నడపడం కూడా అక్కడ నేర్పుతారు. పూర్తిగా నయం చేస్తామని ముందే డబ్బు కట్టించుకునే చోటికి మాత్రం వెళ్లకు.

నీ పెంపకం వల్ల రాలేదు, టీకాల వల్ల రాలేదు, నువ్వు ఉద్యోగానికి వెళ్లడం వల్ల అసలే రాలేదు. మీ అత్తగారు "మా అబ్బాయీ చిన్నప్పుడు ఇంతే" అంటే మాత్రం కొట్టిపారేయకు. కుటుంబాల్లో ఇది తరాల వెంట కనిపిస్తుంటుంది, ఆ మాట డాక్టరుకు పనికొస్తుంది. వీలైతే ఆవిడనూ వెంటబెట్టుకుని వెళ్లు.

బడి టీచరును కూడా తను చూసింది నాలుగు ముక్కలు రాసిమ్మని అడుగు. అపాయింట్‌మెంటు ఏ రోజుకు దొరికిందో చెబితే, చంటిదాన్ని నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ