ఛాతీ ఎక్స్‌రే నార్మల్ వస్తే సీఓపీడీ లేనట్టేనా? సీటీ ఎప్పుడు అవసరం?

అలా అనుకోకండి. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) మొదట్లో చాలామందికి ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. ఊపిరితిత్తులు ఉబ్బి, వాటి కిందుండే కండరపు పొర (డయాఫ్రమ్) చదునుగా కనిపించేసరికి జబ్బు బాగా ముదిరి ఉంటుంది. నిర్ధారణకు కావాల్సింది స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష: శ్వాసనాళాలు తెరుచుకునే మందు పీల్చాక కూడా, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చింది 70 శాతం కంటే తక్కువుంటే గాలికి అడ్డంకి ఉన్నట్టే.

మరి ఎక్స్‌రే ఎందుకంటే, అవే దగ్గు, ఆయాసం టీబీ వల్లో, క్యాన్సర్ వల్లో, గుండె బలహీనత వల్లో కూడా రావచ్చు కాబట్టి.

సీటీ స్కాన్ సంగతి వేరు. ఎంఫిసీమా, అంటే ఊపిరితిత్తుల్లోని గాలి గదులు పాడవడం, ఏ భాగంలో ఎంత ఉందో (పొగతాగేవాళ్లలో ఎక్కువగా పైభాగంలో) చూపిస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా, శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పైపోయే బ్రాంకియెక్టాసిస్‌ను పట్టిస్తుంది: పక్కనున్న రక్తనాళం కంటే శ్వాసనాళం వెడల్పై, రెండూ కలిసి రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తాయి. మన దగ్గర పాత టీబీ మచ్చల పక్కన ఇది మామూలే, చాలాసార్లు దాన్ని ‘ఆస్తమా’ అని ఏళ్లతరబడి ఇన్‌హేలర్లతో నెట్టుకొస్తుంటారు.

రోజూ గళ్ల (కఫం) బాగా పడుతున్నా, జబ్బు మాటిమాటికీ తిరగబెడుతున్నా, ఆయాసం స్పైరోమెట్రీ అంకెలకు పొంతన లేకుండా ఉన్నా సీటీ గురించి పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల డాక్టరును) అడగండి. దగ్గులో రక్తం పడితే మాత్రం ఆగకుండా వెంటనే వెళ్లండి. ఊరికే ఏటా తీయించుకోవడం అనవసరం, మామూలు సీటీలో రేడియేషన్ ఎక్స్‌రే కంటే పదుల రెట్లు ఎక్కువ.