లడ్డు గురించి మీవారికి చెప్పని ఒక్క మాట

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటున్నాం. నాకిప్పుడు ఏడో నెల. 2021 మేలో మా అమ్మ కోవిడ్‌తో పోయింది. అప్పటి ప్రయాణ ఆంక్షలు, వీసా స్టాంపింగ్ భయం వల్ల కడసారి చూపుకి కూడా వెళ్లలేకపోయాను. ఆ ఆగస్టులో షెల్టర్ నుంచి ఒక పిట్ బుల్ జాతి కుక్కని తెచ్చుకున్నాం. పేరు లడ్డు. నేను మళ్లీ మనిషినయ్యానంటే దానివల్లే. ఇప్పుడు పురిటికి గుంటూరు నుంచి మా అత్తగారు, మామగారు రావాలి. 'ఆ కుక్క ఇంట్లో ఉంటే నేను రాను. లక్నోలో ఏం జరిగిందో చూడలేదా? ఇండియాలో గవర్నమెంటే వాటిని నిషేధించింది' అంటున్నారు అత్తగారు. మొదట నా వైపే మాట్లాడిన మావారు ఇప్పుడు 'ఆర్నెల్లు ఎవరికైనా ఇచ్చి ఉంచుదాం' అంటున్నారు. లడ్డు చాలా మంచిది. పోయిన థాంక్స్‌గివింగ్‌కి స్నేహితుల బాబు దాని బొమ్మ లాక్కుంటే గుర్రుమని పళ్లు చూపించింది, అంతే. అదీ వాడి తప్పే. అప్పుడు మావారు అక్కడ లేరు, నేనూ చెప్పలేదు. నాకు బిడ్డ కన్నా కుక్కే ఎక్కువైనట్టు అందరూ మాట్లాడుతున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అత్తగారి పట్టుదల, మీవారి ఊగిసలాట కనిపించాయి. రెండోసారి 'అంతే' అన్న మాట దగ్గర ఆగిపోయాను. థాంక్స్‌గివింగ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, తీర్పు కూడా మీరే ఇచ్చేశారు. నేను మాత్రం అక్కడి నుంచే మొదలుపెడతాను.

గుర్రుమనడం లడ్డు చేసిన నేరం కాదు. తన వస్తువు మీదికి వచ్చినవాణ్ణి 'దూరం జరుగు' అని హెచ్చరించింది, కరవకుండా ఆగింది. గుర్రుమన్నందుకు కుక్కని కొట్టి ఆ అలవాటు మాన్పించేవాళ్లున్నారు. అలా చేస్తే పోయేది హెచ్చరికే, దాని లోపలి చిరాకు అలాగే ఉంటుంది. అలాంటి కుక్క రేపు చెప్పాపెట్టకుండా కరుస్తుంది. మీరు కొట్టలేదు, మంచిదైంది. కానీ ఆ బాబుకి మాటలొచ్చే ఉంటాయి, గుర్రుమంటే భయపడి వెనక్కి జరిగి ఉంటాడు. మీ బిడ్డ దోగాడే వయసులో లడ్డు గిన్నెలో చెయ్యి పెడితే? పళ్లు చూపిస్తే నవ్వుతోందనుకునే వయసది. చిన్నపిల్లలకి కుక్కకాట్లు ఎక్కువగా తెలిసిన కుక్కల వల్లే, ఇళ్లలోనే జరుగుతాయి.

కాబట్టి ఇవాళ రాత్రే మీవారికి ఆ సంగతి చెప్పండి. ఎందుకు దాచారో అర్థమైంది, తెలిస్తే లడ్డుని పంపించేస్తారని భయం. కానీ ఆయన ఇన్నాళ్లూ వాళ్లమ్మతో మీ తరఫున వాదించింది సగం సంగతి తెలిసే. రేపు ఆ స్నేహితుల నోటి నుంచి వింటే, ఆ తర్వాత మీరు లడ్డు గురించి చెప్పే ఏ మాటకీ విలువ ఉండదు. నన్నడిగితే మీ ఇంట్లో ఇప్పుడున్న పెద్ద ప్రమాదం ఇదే.

ఇక అత్తగారు. లక్నో సంగతి ఆవిడ ఊరికే అనలేదు. 2022 జులైలో 82 ఏళ్ల పెద్దావిడ, కొడుకు ఇంట్లో పెంచుకుంటున్న పిట్ బుల్ దాడిలోనే చనిపోయారు. కొడుకు ఇంట్లో లేని సమయంలో జరిగింది. అత్తగారు ఆ వార్తలో తనని తాను చూసుకున్నారు. మీరేమో లడ్డుని తిట్టినట్టు విన్నారు. నిషేధం మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్ బుల్‌తో సహా 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధం ఉన్నవాళ్లని సంప్రదించకుండానే ఇచ్చారంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. అయితే ఈ వివరం పట్టుకుని ఫోన్‌లో ఆవిడతో వాదానికి దిగకండి. వాదంలో గెలిస్తే ఆవిడ టికెట్ క్యాన్సిల్ చేసుకుంటారు, భయం మాత్రం పోదు.

భయం కాకుండా ఇంకోటి కూడా ఉంది, ఆవిడ నోటితో అని ఉండరు. మా అమ్మమ్మగారి ఊళ్లో కుక్క వాకిట్లో ఉండేది. చద్దన్నం అక్కడే, నిద్ర అక్కడే. గడప దాటితే కర్ర తీసేవాళ్లు. కుక్క సోఫా ఎక్కి పడుకోవడం నేను మొదటిసారి చూసింది ముప్పై ఏళ్లు దాటాక. దేవుడి గది గుమ్మంలో వెంట్రుకలు, పసిబిడ్డ పక్కబట్టల మీద వెంట్రుకలు, ఇవన్నీ అత్తగారి మనసులో ఉంటాయి. దేవుడి గది, బిడ్డ గది, వంటిల్లు, ఈ మూడింట్లోకీ లడ్డు రాదని మీరే ముందుగా చెప్పండి. ఆవిడ అడిగాక ఒప్పుకుంటే అది మీరు తగ్గినట్టుంటుంది, ముందే చెబితే ఇంటి పద్ధతి అవుతుంది.

పిట్ బుల్ గురించి మీరు నమ్మేవి, అత్తగారు నమ్మేవి కూడా కొంచెం సరిచేయాలి. కరిస్తే దవడ తాళం పడిపోతుందనేది కట్టుకథ. అది పూర్వం ఇంగ్లండ్‌లో పిల్లల్ని చూసుకునే ఆయా కుక్క అని నెట్‌లో తిరిగేదీ కట్టుకథే. ఎద్దుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆటను 1835లో అక్కడ చట్టంతో ఆపాక, బుల్‌డాగ్‌లని టెర్రియర్లతో కలిపి పుట్టించిన కుక్కల్ని ఒకదానితో ఒకటి పోట్లాడించారు. వాటి సంతతే అమెరికా వచ్చింది. మరి లడ్డు స్వభావం రక్తంలోనే రాసి ఉందా? 2022లో సైన్స్ పత్రికలో 18 వేలకు పైగా కుక్కల మీద ఒక పరిశోధన వచ్చింది. కుక్కకీ కుక్కకీ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేవి 9 శాతం దాకానే అని అందులో తేలింది. పైగా షెల్టర్‌లో మొహం చూసి వేసే జాతి పేరు డీఎన్‌ఏ పరీక్షలో తప్పని తేలడం మామూలే. కాబట్టి 'పిట్ బుల్ కాబట్టి కరుస్తుంది' అనడం ఎంత తప్పో, 'ప్రేమగా పెంచాం కాబట్టి కరవదు' అనడం కూడా అంతే తప్పు. కరవడమంటూ జరిగితే పొమరేనియన్ కాటుకి మిగిలేది గాటు. అంత కండబలం, అంత పట్టు ఉన్న కుక్క కాటు నెలల పసిపిల్ల మీద పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో అత్తగారి లెక్క సరైనదే.

చేయాల్సిన పని ఏమిటంటే, ఈ వారంలోనే లడ్డుని మీ వెట్‌కి చూపించండి. లోపల ఎక్కడైనా నొప్పి ఉన్న కుక్క తొందరగా విసుక్కుంటుంది. తర్వాత ఒక వెటర్నరీ బిహేవియరిస్ట్‌ని, అంటే జంతువుల ప్రవర్తన చూసే పశువుల డాక్టర్‌ని గానీ, ఆ డాక్టర్ సూచించిన ట్రైనర్‌ని గానీ ఇంటికి పిలిచి థాంక్స్‌గివింగ్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. షాక్ కాలర్ పెట్టి దారికి తెస్తాననే మనిషైతే గుమ్మంలోనే నమస్కారం పెట్టేయండి. పసిపిల్లల ఏడుపు రికార్డింగ్ చిన్నగా పెట్టి వినిపించినప్పుడు, గిన్నె దగ్గర మనిషి నడిచినప్పుడు, బొమ్మ వదలమన్నప్పుడు అది ఎలా ఉంటుందో ఆ మనిషి చూస్తారు. ఏడుపు విని తోక ఊపుతూ మీ దగ్గరికి వస్తే ఒక రకం. ఒళ్లంతా బిగబట్టి కళ్లార్పకుండా అటే చూస్తూ నిలబడితే వేరే రకం. తోక ఊపినంత మాత్రాన సంతోషమనుకోకండి. మూతి నాక్కోవడం, ఊరికే ఆవలించడం, తల పక్కకి తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఇవన్నీ 'నాకు ఇబ్బందిగా ఉంది' అని చెప్పడమే.

ఆ నిపుణులు 'ఈ కుక్క, పసిబిడ్డ ఒకే ఇంట్లో వద్దు' అంటే వినండి. అప్పుడు లడ్డుకి పిల్లల్లేని మంచి ఇల్లు వెతకాలి, దాని గుర్రు సంగతి దాచకుండా చెప్పి మరీ ఇవ్వాలి. ఏడుస్తారు, ఏడవండి. అది దాన్ని వదిలించుకోవడం కాదు.

'జాగ్రత్తలతో ఉంచుకోవచ్చు' అంటే మాత్రం మీవారు చెప్పిన ఆర్నెల్ల లెక్క నాకు నచ్చలేదు. మొదటి నెలల్లో బిడ్డ పడుకోబెట్టిన చోటే ఉంటుంది. అత్తగారూ ఉంటారు. సరిగ్గా బిడ్డ పాకడం మొదలుపెట్టి, అత్తగారు తిరుగు విమానం ఎక్కి, మీరిద్దరే మిగిలిన రోజుల్లో, ఇంటి అలవాటు తప్పిన కుక్క తిరిగొస్తుంది. అంతకన్నా కష్టమైన ముహూర్తం ఉండదు. కావాలంటే డెలివరీ అయ్యాక రెండు మూడు వారాలు, బారసాల రోజు కూడా కలిసొచ్చేలా, లడ్డుకి బాగా తెలిసిన స్నేహితుల ఇంట్లో ఉంచండి. బారసాలకి వచ్చే పాతికమంది, చెప్పుల గుట్ట, పిల్లల పరుగులు దానికీ టెన్షనే.

మార్పులన్నీ ఇప్పుడే మొదలుపెట్టండి. బిడ్డ వచ్చిన రోజే మంచం మీది నుంచి దింపేస్తే కుక్కకి బిడ్డంటేనే గిట్టదు. ఇప్పటి నుంచే దాని పడక హాల్లో, దాని క్రేట్‌లో, అంటే జాలీ పెట్టెలో. మధ్యలో ఒకటి కాదు, రెండు గేట్లు. ఒకటి ఎవరో ఒకరు వేయడం మర్చిపోతారు, పెద్దవాళ్లున్న ఇంట్లో తప్పదు. ఉదయం వాకింగ్ ఇక నుంచి మీవారి పని. బాస్కెట్ మజిల్, అంటే మూతికి తొడిగే జాలీ బుట్ట కూడా మెల్లగా అలవాటు చేయండి. అందులో నీళ్లు తాగొచ్చు, ఒగర్చవచ్చు. ఈ మాట అంటే చాలామంది పెంపుడు తల్లులు మొహం ముడుచుకుంటారు. మనూళ్లలో దూడ మూతికి చిక్కం కట్టేవాళ్లు, దూడ మీద ప్రేమ లేకనా?

అత్తగారు నేల మీద కాళ్లు చాపి, బిడ్డని కాళ్ల మీద బోర్లా వేసుకుని నలుగు పెట్టి నీళ్లు పోస్తారు కదా, ఆ గంటసేపు లడ్డు రెండు తలుపుల అవతల ఉండాలి. నూనె వాసన, ఏడుపు, సాంబ్రాణి పొగ, నేల మీద, కుక్క మూతికి అందే ఎత్తులో బిడ్డ. ఏ కుక్కకైనా అది పరీక్షే. నిద్రపోతున్న బిడ్డ, నిద్రపోతున్న కుక్క ఒక గదిలో ఉన్నా పెద్దవాళ్లెవరో ఒకరు మెలకువగా, ఫోన్ చూడకుండా ఉండాలి. బాత్రూమ్‌కి వెళ్లాలంటే బిడ్డో, కుక్కో, ఇద్దర్లో ఒకరు మీతో రావాలి.

ఇంకొక చిన్న పని మీవారికి అప్పగించండి. ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవమనండి. టెక్సస్‌లో ఫలానా జాతి అన్న కారణంతో కుక్కని నిషేధించే అధికారం నగరాలకు లేదు. కానీ ఇన్సూరెన్స్ కంపెనీలు, అద్దె ఇళ్ల ఓనర్లు పిట్ బుల్‌ని మినహాయించడం మామూలే. దాచి పెంచితే రేపు ఏదైనా జరిగిన రోజు పాలసీ అక్కరకు రాకపోవచ్చు.

మీ అమ్మగారి గురించి ఒక్క మాట. 2021లో ఆవిడ కోసం ఏడవడానికి ఎదురుగా మనిషి లేక లడ్డు మెడ పట్టుకుని ఏడ్చారు. ఇప్పుడు పురిటికి అమ్మ రాదు, లడ్డుని కూడా పంపించేయమంటున్నారు. మీకు రెండూ ఒకటే దెబ్బగా తగులుతున్నాయని నాకనిపిస్తోంది. అత్తగారికి ఇదేమీ తెలియదు. ఆవిడకి లడ్డు అంటే టీవీలో చూసిన కుక్క. ఈసారి ఫోన్ చేసినప్పుడు నిషేధం, జాతి పక్కన పెట్టి, ఆ ఆగస్టు నెల ఎలా గడిచిందో చెప్పండి. ఆవిడ కరుగుతారని హామీ ఇవ్వలేను. కానీ ఏ గదికి గేటు ఉంటుందో, రాత్రి కుక్క ఎక్కడ పడుకుంటుందో వీడియో కాల్‌లో చూపించి, 'మీకు భయమేసిన రోజు చెప్పండత్తయ్యా, ఆ రోజే బోర్డింగ్‌లో పెడతాం' అనండి. అన్నాక ఆ మాట నిలబెట్టుకోండి.

వాళ్లు దిగిన రోజు ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా సూట్‌కేసులతో లడ్డు ముందుకి తీసుకురావద్దు. మర్నాడు ఉదయం, వీధిలో, లీష్ మీవారి చేతిలో ఉండగా పక్కపక్కన కాస్త దూరంగా నడవనివ్వండి. తల నిమరక్కర్లేదు, ముద్దు చేయక్కర్లేదు. అత్తగారికి దాంతో స్నేహం కుదరకపోయినా ఏ నష్టమూ లేదు.

మామగారి సంగతి మాత్రం కొంచెం చూసుకోండి. ఇలాంటి ఇళ్లలో వారం తిరక్కుండా కుక్కకి దొంగతనంగా తినిపించేది ఆయనే అవుతారు. పెరుగన్నం పెడితే పెట్టనివ్వండి, పోపు లేకుండా. ఉల్లిపాయ వేసిన పులుసు, కిస్‌మిస్ వేసిన పాయసం పొరపాటున కూడా వద్దని ముందే చెప్పండి. కిస్‌మిస్ కుక్కల కిడ్నీలని పాడుచేస్తుంది. ఫ్రిజ్ మీద తెలుగులో రాసి అంటించండి.