హైలైఫ్ సంగీతంలో జాజ్ ఏది, ఆఫ్రికా ఏది?

హైలైఫ్ ఘనా తీరంలో, అది ఇంకా గోల్డ్ కోస్ట్‌గా ఉన్న రోజుల్లో పుట్టిన నాట్య సంగీతం. ట్రంపెట్, సాక్సోఫోన్ వరసలు, మధ్యలో సోలోలు జాజ్ వైపు నుంచి వచ్చాయి. కింద నడిచే లయ మాత్రం అక్కడిదే.

ఆ లయ చేతికి తెలియాలంటే 16 మాత్రలు సమానంగా లెక్కపెట్టండి. 1, 5, 9, 13 మీద పాదం వేయండి. 1, 4, 7, 11, 13 మీద చప్పట్లు కొట్టండి. హైలైఫ్‌లో ఇనుప గంట మీద బాగా వినిపించే దెబ్బల వరస ఇదే. 4, 7, 11 దెబ్బలు పాదంతో కలవవు, నడుముకు ఊపు వచ్చేది అక్కడే. కొత్తవాళ్లు సాధారణంగా 4ను 5 మీదికి జార్చేస్తారు, దాంతో పాట కవాతులా మారిపోతుంది. మాత్రలను జాజ్ స్వింగ్‌లా, అంటే ఒకటి పొడవుగా ఒకటి పొట్టిగా, సాగదీసినా చెడుతుంది.

హైలైఫ్‌లోనే గిటార్ బృందాల శైలి వేరు: బొటనవేలు, చూపుడువేలు రెండింటితోనే తీగలు మీటుతారు.

వినడం ఘనా ట్రంపెట్ వాద్యకారుడు ఇ.టి. మెన్సా నడిపిన టెంపోస్ బృందంతో మొదలుపెట్టండి. 1956లో ఘనాలోని అక్రా నగరానికి వచ్చిన అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మెన్సాతో కలిసి వాయించారు. నైజీరియాలో సంగీతకారుడు ఫెలా కుటి రూపొందించిన ఆఫ్రోబీట్ అనే శైలికి కూడా హైలైఫ్ ఒక పునాది.