పంటి కాడ్నుంచి మొదలుపెట్టప్పా

కర్నూలు

అప్పా,

నీ వ్యాసం రెండుసార్లు చదివినా. హెర్పెటోథెరిడే, అంటే కంగారూల్లాంటి సంచి జంతువులకి దగ్గరిదై ఎప్పుడో అంతరించిపోయిన కుటుంబం, ఆ పేరు చూస్తేనే జనం పారిపోతారని భయపడి మొదటి లైన్లోనే "కంగారూల బుజ్జి తాతలు" అని రాసింటివి. కొట్టెయ్. అవి తాతలు కావు, వంశం నిలబడని దాయాదులు. నేనూ నీ వయసులో ఇట్లే ఏదో జంతువుకి లేని చుట్టరికం కలిపితే ఒక సైన్సు అయ్యవారు కార్డు ముక్క మీద కడిగేసినాడు, వారం రోజులు ఎవరికీ మొహం చూపించలేదు.

ఇట్లాంటి ఎలుకంత జంతువుల గురించి మనకి తెలిసిందాంట్లో ఎక్కువ భాగం పళ్ళు చెప్పిందే. మట్టిని నీళ్ళల్లో జల్లెడ పట్టి, మిగిలిన రవ్వని మైక్రోస్కోప్ కింద పెట్టి ఏరతారు, మీ అమ్మ చాటలో కొర్రలు పోసుకోని రాళ్ళు ఏరినట్టే, ఆ ముక్క నీ వ్యాసంలో యాడా లేదే? నాలుకతో నీ వెనక దంతాలు తడుముకో, జ్ఞానదంతంతో కలిపి పక్కకి మూడే. వీటికి నాలుగు. సంచి జంతువుల వైపువని పట్టించే గుర్తుల్లో అదొకటి. చదివేవాడు కూడా నోట్లో నాలుక తిప్పాల, అట్ల రాయి.

ఇంక ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే కథ ఒక్క లైన్లో తేల్చేసినావు, నాకు ఒళ్ళు మండింది. పారిస్ మోన్‌మార్త్ర్ జిప్సం గనిలో ఒక బండ రెండుగా చీలి లోపల చిన్న అస్థిపంజరం కనపడింది. ఆయన పళ్ళూ దవడా చూసి ఇది ఒపోసమ్ (అమెరికా సంచి జంతువు) లాంటిది, సంచి జంతువులకుండే రెండు సన్న ఎముకలు కటి ఎముక ముందర ఉండాల్సిందే అని ముందే చెప్పి, సాక్షుల్ని పక్కన పెట్టుకోని మరీ రాయి గీకినాడు. ఉన్నాయి! 1804లో అచ్చేసినాడు. ఈ కుటుంబంలోని పెరాథీరియమే అది. నువ్వేమో దీన్ని వదిలేసి వెన్నెల్లో సంచిలో పిల్లల్ని మోసుకుపోయే తల్లి గురించి రెండు పేరాలు పోసినావు. సంచి అంటే చర్మం కదప్పా, రాయిలో మిగిలేది ఎముక. ఇప్పటి ఒపోసమ్‌లల్లో కూడా కొన్నింటికి సంచే ఉండదు.

బేతంచెర్ల కాడి బిల్లసర్గం గుహల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884 ప్రాంతంలో తవ్వించిన ఎముకల్ని, మన పాత ఉమ్మడి జిల్లా పేరు రావాలని ఇందులో ఇరికించొద్దు, అవి కోట్ల ఏళ్ళ తర్వాతివి, ఇంకో వ్యాసానికి దాచుకో.

ఆదివారం ఖాళీయేనా? బేతంచెర్ల పోదాం, నాపబండ ఎట్ల చీలుతుందో దగ్గర నిలబడి చూసినాక ఆ పారిస్ పేరా మళ్ళీ రాద్దువు. పొద్దున్నే రా, ఎండ పడితే బండల కాడ నిలబడలేం.