ఇన్ని సర్వర్లుండగా అర్ధరాత్రి మనిషెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద వెబ్‌సైట్‌ను నడిపే విభాగంలో ఉన్నాడు. ‘ఆన్‌కాల్’ వంతు వచ్చిందంటే, పండుగకు ఇంటికొచ్చినా ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకునే పడుకుంటాడు. అర్ధరాత్రి ఫోను మోగితే లేచి కూర్చుంటాడు. సైట్‌ను నడిపే కంప్యూటర్లు, అంటే సర్వర్లు, వేలల్లో ఉన్నప్పుడు ఒకటి చెడిపోతే ఇంకొకటి ఆ పని చేయదా? మనిషితో పనేమిటి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఒక సర్వరు చెడిపోయినందుకు ఎవరినీ నిద్ర లేపనక్కరలేదమ్మా. లోడ్ బ్యాలెన్సర్ ప్రతి సర్వరునూ ఎప్పటికప్పుడు పలకరిస్తూ, బదులివ్వని దానిని పక్కన పెట్టి, పనిని మిగిలినవాటికి పంచుతుంది. విడివిడిగా 99 శాతం కాలం పనిచేసే రెండు సర్వర్లు ఒకేసారి ఆగిపోయే అవకాశం లెక్క ప్రకారం పదివేలలో ఒక వంతు మాత్రమే. అయితే ఆ రెండింటికీ ఉమ్మడి ఆధారమేదీ లేనప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద రెండు బోరు మోటార్లు నడిపే మీ జిల్లా రైతుకు ఈ సంగతి వేరే చెప్పాలా?

పెద్ద సైట్లను పడగొట్టేది తరచుగా ఆ ఉమ్మడి ఆధారమే. దానిని కదిపేది చాలాసార్లు మనుషులు చేసిన మార్పే. 2017 ఫిబ్రవరి 28న ఇతర సైట్ల డేటాను దాచిపెట్టే అమెజాన్ నిల్వ సేవ ‘ఎస్3’లో, కొన్ని సర్వర్లను తొలగించడానికి ఇచ్చిన ఆదేశంలో ఒక పొరపాటు దొర్లి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. దాని మీద ఆధారపడిన సైట్లెన్నో కొన్ని గంటలపాటు కుంటుపడ్డాయి. సేవల స్థితిని చూపే అమెజాన్ పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండటంతో, దానిని సకాలంలో మార్చలేకపోయారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోవడానికీ నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశమే కారణం: అది సర్వర్లుండే కేంద్రాలైన కంపెనీ డేటా సెంటర్ల మధ్య సంబంధాన్ని తెంచేసింది, ఆ ఆదేశాన్ని ఆపవలసిన తనిఖీ సాధనంలోనూ లోపముంది, మరమ్మతుకు వాడే అంతర్గత సాధనాలు కూడా అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లవలసి వచ్చింది. యంత్రం ఇచ్చిన ఆదేశాన్ని అమలు చేస్తుందే తప్ప, ఆ ఆదేశం తప్పేమోనని సందేహించదు. మీ అబ్బాయి లేచేది ఆ సందేహం కోసమే.

అలాగని మనిషిని లేపడమే మందు కాదు. 99.99 శాతం లభ్యత అంటే ఏడాదికి సుమారు 52 నిమిషాల ఆటంకమే చెల్లుతుంది. నిద్ర లేచి, ల్యాప్‌టాప్ తెరిచి, కారణం వెతికేలోపే అందులో మంచి భాగం ఖర్చవుతుంది. అందుకే జాగ్రత్తగల కంపెనీలు కొత్త మార్పును మొదట కొద్ది సర్వర్లలోనే ప్రవేశపెట్టి, తప్పుల సంఖ్య పెరిగితే పాత రూపానికి దానంతటదే మళ్లేలా ఏర్పాటు చేస్తాయి.

ఈ పనికి ప్రత్యేక విభాగాన్ని 2003లోనే మొదలుపెట్టిన గూగుల్, అక్కడి ఇంజనీర్ల సమయంలో సగానికి మించి రోజువారీ నిర్వహణకు పోకూడదనీ, మిగతాది ఆ శ్రమను తగ్గించే ప్రోగ్రాములు రాయడానికి ఉండాలనీ నియమం పెట్టుకుంది. కాబట్టి ఎప్పుడో ఒకసారి ఫోను మోగితే కలత పడకండి. రోజూ మోగుతుంటే మాత్రం లోపం వ్యవస్థదే. మోగిన వాటిలో నిజంగా మనిషి చేయి అవసరమైనవి ఎన్నో మీ అబ్బాయిని లెక్కించమనండి. తక్కినవాటిని ఆపించమని పైవారిని అడగడానికి ఆ లెక్కే పనికొస్తుంది.