1921 నాటి జర్మనీ ఊళ్ళ నోట్లు నిజంగా చెలామణి అయ్యాయా? అమ్మితే ఏమైనా వస్తుందా?

మీరు అడిగిన, మీ ఆల్బమ్‌లో ఊరికో బొమ్మతో ఉన్న 50, 75 ఫెనిగ్‌ల (జర్మనీ డబ్బు మార్కులో వందో వంతు ఫెనిగ్) నోట్లను నోట్‌గెల్ట్, అంటే అత్యవసర డబ్బు, అంటారు. ఉద్యోగం కోసం జర్మనీలో ఉన్న రోజుల్లో ఆదివారం పాత సామాన్ల సంతల్లో ఇవి చాలానే కొన్నాను. చూసినంతలో నాకు అర్థమైంది ఒకటే: నోటు ఎంత ముచ్చటగా ఉంటే అది అంత తక్కువగా చేతులు మారి ఉంటుంది.

మొదట్లో అవసరం నిజమే. 1914లో యుద్ధం మొదలవగానే జనం వెండి నాణేలు దాచేసుకున్నారు, రాగి, నికెల్ ఆయుధాల తయారీకి పోయాయి. రొట్టె కొంటే తిరిగివ్వడానికి చిల్లర లేదు. దాంతో ఊళ్ళు, పొదుపు బ్యాంకులు, చివరికి ఫ్యాక్టరీలు కూడా సొంతంగా చిన్న నోట్లు వేసుకున్నాయి. మనకీ ఆ సెగ తగిలింది. వెండి కొరతతోనే 1917 చివర్లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ కాగితం రూపాయి తెచ్చింది.

యుద్ధం అయ్యాక కథ మారింది. వీటిని సేకరించేవాళ్ళు పెరిగేసరికి ఊళ్ళు ఆరేసి, ఎనిమిదేసి నోట్ల సెట్లు రంగుల్లో అచ్చేసి అమ్మడం మొదలుపెట్టాయి. హామెల్న్ ఊరివాళ్ళు పిల్లనగ్రోవి ఊది ఎలుకల్ని తీసుకెళ్ళినవాడి కథనే నోట్ల మీద వేసుకున్నారు. కొన్నవాడు దాన్ని ఆల్బమ్‌లో దాచుకుంటే మార్చుకోవడానికి రాడు, గడువు తేదీ దాటిపోతుంది, ఆ డబ్బు మునిసిపాలిటీకి మిగిలిపోతుంది. మునిసిపాలిటీ బుర్ర అంటే అదీ! అసలు 75 ఫెనిగ్‌ల నాణెమే లేదు. కాబట్టి ఆ అంకె కనిపిస్తే సేకర్తల కోసం వేసిందేమోనని అనుమానించాల్సిందే. 1922 జులైలో ప్రభుత్వం చట్టం చేసి ఈ వ్యాపారం ఆపింది.

ఏడాది తిరిగేసరికి నిజమైన అవసరం మళ్ళీ వచ్చిపడింది. మార్కు విలువ కుప్పకూలి, 1923 నవంబరులో డాలరుకి 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు! అప్పటి ఊళ్ళ నోట్లు చూస్తే జాలేస్తుంది. చాలావాటికి ఒక వైపే అచ్చు, కొన్నిటికి పాత నోటు మీదే కొత్త అంకె ముద్ర. మడతలు, జిడ్డు, చిరుగులు. నాకు అవే ఇష్టం. వాటితో ఎవరో కూరగాయలు కొనుక్కుని ఉంటారు కదా.

ఇక ధర. మామూలు రంగుల నోట్లకి పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఒకటి రెండు యూరోలకి నేనే బోలెడు కొన్నాను. సెట్ పూర్తిగా ఉంటే కాస్త నయం. ఒకసారి ఆల్బమ్ అంతా వేలితో తడిమి చూడండి. బీలెఫెల్ట్ ఊరివాళ్ళు పట్టు, నార, వెల్వెట్ గుడ్డల మీద కూడా డబ్బు అచ్చేశారు. అలాంటిది దొరికితే తెలిసినవాళ్ళకి చూపించకుండా అమ్మొద్దు. లామినేషన్ మాత్రం చేయించకండి, ఉన్న కాస్త విలువ కూడా పోతుంది.