లాజిక్‌కి ఎంతసేపు సెలవివ్వాలి?

ప్ర: సైన్స్ ఫిక్షన్ యాక్షన్ సినిమాలంటే ప్రాణం. ఫిజిక్స్ చదువుకున్న పాపానికి ప్రతి సీనులో తప్పే కనిపిస్తోంది. హాయిగా చూసేదెలాగండీ?

జ: తప్పులన్నిటినీ ఒకే గాటన కట్టకండి. కాంతిని మించి పోయే ఓడ, కాలంలో వెనక్కి తీసుకెళ్లే యంత్రం లేకపోతే అసలు కథే లేదు. అలాంటివి మొదటి ఇరవై నిమిషాల్లో ఎన్ని చెప్పినా ఒప్పేసుకోండి. ఆ తర్వాత మాత్రం లెక్క అడగండి. కవచం ఒక్కసారే పనిచేస్తుందని హీరోతోనే చెప్పించి, క్లైమాక్స్‌లో మూడుసార్లు వాడితే రచయిత బద్ధకించాడన్నమాట. తనివితీరా తిట్టుకోవచ్చు.

అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి ఓడ పేలినా చప్పుడు రాదు. ఆ సంగతి తీసేవాళ్లకీ తెలుసు. చప్పుడు లేకపోతే సీను చప్పబడుతుందని పెడతారు. దాన్ని నేపథ్య సంగీతం ఖాతాలో వేసేయండి. అక్కడ వయొలిన్లు ఎవరు వాయిస్తున్నారని ఎప్పుడైనా అడిగారా? నేలమీద పేలుళ్లదీ ఇదే వరస. ఆ నారింజ రంగు మంటలు చాలావరకు పెట్రోలు చలవే. నిజమైన బాంబు పేలితే లిప్తపాటు మెరుపు, ఆపైన దుమ్మూ పొగా. టికెట్ కొన్నవాడికి ఏం గిట్టుబాటవుతుంది?

ప్ర: మేడమీంచి పడిపోతున్న హీరోయిన్‌ని హీరో ఎగిరొచ్చి పట్టుకుంటాడు. నిజంగా బతుకుతుందా?

జ: ఎక్కడ పట్టుకున్నాడో చూడండి. గాలి అడ్డును పక్కనబెడితే 100 మీటర్లు పడేసరికి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 160 కిలోమీటర్లు. నేలకు కాస్త పైన చేతులు చాచి అర మీటరులో ఆపేస్తే ఆమె మీద పడే బలం సొంత బరువుకు 200 రెట్లు. ఆ చేతులకీ కాంక్రీటుకీ ఏమంత తేడా లేదు. అదే ఆమెతోపాటు కిందికి దూసుకెళ్తూ, 25 మీటర్ల మేర వేగం తగ్గించుకుంటూ వస్తే బలం ఐదు రెట్లకు దిగుతుంది. కళ్లు తిరిగినా ప్రాణం దక్కుతుంది. ఈ మాత్రం జాగ్రత్తపడిన ఫైట్ మాస్టరు కనిపిస్తే ఓ ఈల వేయండి.

ప్ర: ఇంట్లో చూస్తే పేలుళ్లకు గోడలదురుతాయి, మాటలు వినపడవు. పైగా భారీ సినిమా కూడా టీవీ సీరియల్లా ఉంటుంది.

జ: ముందు టీవీ సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ ఆపండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములే. మధ్యలో టీవీ తన సొంత ఫ్రేములు అల్లి చొప్పించడంవల్లే ఆ సీరియల్ వాలకం. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే పెట్టేయండి, స్మూతింగ్ దానంతటదే ఆగుతుంది. సౌండ్‌లో నైట్ మోడ్ పెడితే పెద్ద శబ్దాలు తగ్గి మాటలు పైకొస్తాయి. 5.1 స్పీకర్లుంటే (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్‌ని 2, 3 డెసిబెల్స్ పెంచండి. మాటలు ఎక్కువగా వచ్చేది దాన్నుంచే.

ప్ర: పక్కన కూర్చుని నిమిషానికో తప్పు పట్టే స్నేహితుణ్ని ఏం చేయాలి?

జ: ఈ శీర్షికకు ఉత్తరం రాయమనండి.